కణుజు అరిచిన లోయ

కీత్ పోయాడని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఇప్పుడుంటున్న గంగాలిన్‌లో లైట్ రైల్ దిగి, రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఇంటికి నడుస్తున్నాను. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయాడు, బాధపడాల్సిందేమీ లేదని ఆ పిల్లే నన్ను ఓదార్చింది. పిల్ల అంటున్నాను గానీ ఆమెకీ అరవై ఉంటాయి. ఆ శనివారం మా ఆయనా నేనూ కారేసుకుని విక్టోరియా కొండల అడుగున ఉన్న ఆ ఊరికి వెళ్ళాం. ప్రార్థన అయ్యాక హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెట్టి, ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా అని అడిగారు. అందరూ నావైపు చూశారు, ఒకప్పుడు ఆ ఊరికి నేనే డాక్టరమ్మని. కీత్ మా పక్కింటాయన అని, మా నాన్నని ఒకసారి కొండల్లోకి తీసుకెళ్ళాడని, ఆ మేలు మరిచిపోలేనని చెప్పి కూర్చున్నాను. నా ఇంగ్లీషుకేం లోటు లేదు. ముప్పయ్యేళ్ళ పైగా ఈ దేశంలో రోగుల్ని దబాయిస్తూ బతికినదాన్ని. కానీ ఆ రోజు సంగతి చెప్పబోతే అంతకుమించి నోట్లోంచి రాలేదు. అది సగానికి పైగా తెలుగులో జరిగింది మరి. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ ఊరికి నేను ఇష్టపడి వెళ్ళలేదు. పరీక్షలు పాసయ్యాక మెల్‌బోర్న్‌లో ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ఎవరూ వెళ్ళని ఊరైతే వెంటనే ఇస్తామన్నారు, సరే అన్నాను. మా ఆయనకి మెల్‌బోర్న్‌లోనే ఉద్యోగం కాబట్టి వారమంతా నేనొక్కదాన్నే. శుక్రవారం సాయంత్రం ఆయన కారు డిక్కీలో కందిపప్పు, చింతపండు, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు వచ్చేవి. ఇప్పుడు మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్‌కి వెళ్తే గోంగూర కట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి, కొట్లో కుర్రాళ్ళు "ఆంటీ, ములక్కాడలు ఫ్రెష్‌గా వచ్చాయి, ఇవ్వమంటారా?" అని తెలుగులోనే అడుగుతారు. అప్పట్లో కరివేపాకు రెమ్మ నల్లబడితే నాకు నిజంగా ఏడుపొచ్చేది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకటే వాసన, హీటర్లో కాలే యూకలిప్టస్ కట్టెలది. చీరలకీ ఆ వాసనే, చారుకీ ఆ వాసనే. ఆ కట్టెలు కొట్టి మా వరండాలో పేర్చి వెళ్ళేది కీత్. రంపం మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. ఒక్కనాడూ అడిగి పెట్టేవాడు కాదు, అడిగితే నేను వద్దంటానని. భార్య మార్జ్ కేకు చేసిన రోజున మాకూ ఒక డబ్బా పంపేవాడు.

మా అమ్మ పోయిన ఏడాది నాన్నని ఆ ఇంటికే తెచ్చుకున్నాను. నాన్న నల్లమలలో ఫారెస్ట్ రేంజరుగా చేశాడు. దోర్నాల, ఆత్మకూరు, మళ్ళీ దోర్నాల, మా చిన్నతనమంతా అడవి అంచున క్వార్టర్లలోనే గడిచింది. గంజిపెట్టిన ఖాకీ చొక్కా, బూట్లకి రాసిన కొబ్బరినూనె, చుట్టుపక్కల ఎవరికీ లేనంత పెద్ద గొంతు, ఇదీ మా నాన్న. పొద్దున లేవగానే మొహమైనా కడుక్కోకుండా వాకిట్లోకి వెళ్ళి నేల చూసేవాడు, ముందురోజు ఏ జంతువు ఇటు వచ్చి పోయిందోనని. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అయిందా పేపరు చదవడం?" అని వెక్కిరించేది. ఆ మనిషి మా కొండ ఊళ్ళో పడకగదిలో కుర్చీ వేసుకుని, కిటికీ పక్కనే ఉన్నా బయటకి చూడకుండా కూర్చునేవాడు. లేవగానే మొదటి మాట, "ఇంకా ఉంచాడే." అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేవాడు.

ఒకరోజు అనుమానమొచ్చి అడిగాను.

"నాన్నా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?"

"మానేశా."

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించో. ఎందుకులే తల్లీ, మీ అమ్మ పోయినాక ఈ ఒంటికి ఇంకా సేవలేంది? పిలుపొచ్చిన రోజు పోతా."

పట్టీ కట్టి బీపీ చూశాను, ఉండాల్సినదానికి ఎంతో పైన ఉంది. ఏ పూటైనా పక్షవాతం రావచ్చు, అంతకన్నా పెద్దదే రావచ్చు. బతిమాలాను, అరిచాను, అమ్మ మీద ఒట్టు పెట్టాను, మాట్లాడ్డం మానేశాను. మాత్ర చేతిలో పెడితే బల్ల మీద పెట్టేసి, "నువ్వు ఆసుపత్రికి పోమ్మా, ఆడ నీకోసం చూస్తుంటారు" అనేవాడు. ఊళ్ళో వాళ్ళందరికీ మందులు రాసిచ్చి, వాళ్ళు వేసుకున్నారో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కునేదాన్ని. ఇంట్లో మనిషి చేత ఒక్క మాత్ర మింగించలేకపోయాను. ఏడాది తిరక్కుండా అమ్మా నాన్నా ఇద్దరూ లేకుండా పోతారేమోనని ఆ రోజుల్లో నాకు ఒకటే భయం.

కాళ్ళయినా కదులుతాయని ఒక శనివారం మార్జ్ కేకు డబ్బా తిరిగిచ్చి రమ్మని నాన్నని పంపాను. ఎంతకీ రాలేదు. కంగారుగా వెళ్ళి చూస్తే కీత్ షెడ్డులో గోడకి కొట్టి ఉన్న కొమ్ముల జత ముందు నిలబడి, వాటి మొదళ్ళు చేత్తో తడుముతున్నాడు.

"ఇది కణుజు కొమ్ము గదే! ఇది ఈడికెట్టా వచ్చింది?" అన్నాడు నన్ను చూసి.

ఈ దేశంలో దిగాక మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న అది. కీత్‌ని అడిగి చెప్పాను. ఎప్పుడో దొరలు మన దేశాల వైపు నుంచి ఓడల్లో తెచ్చి వదిలారట, ఈ పెద్ద జింకలు ఈ కొండల్లో పెరిగి మందలయ్యాయట, వీళ్ళు సాంబర్ అంటారట. నాన్న అంతా విని, "సరే, దీన్ని కొట్టిందెవరు?" అన్నాడు. కీత్ నవ్వుతూ తన గుండె మీద తట్టుకున్నాడు.

నాన్న గొంతు అమాంతం పాత గొంతు అయింది. "వేటగాడా ఈయన! నా రేంజిలో అయితే ఈపాటికి కేసు రాసి జీపెక్కించేవాణ్ణి."

"మీకు పరిచయమైనందుకు సంతోషంగా ఉందంటున్నారు" అన్నాను కీత్‌తో.

కీత్ ఏమీ అమాయకుడు కాదు. "అంతకంటే ఎక్కువే అన్నట్టున్నాడే, డాక్" అన్నాడు. ఇక్కడ అవి మొక్కలు బతకనివ్వవనీ, పీడ కింద లెక్కనీ, కొట్టడానికి చట్టం ఒప్పుకుంటుందనీ చెప్పాడు. నాన్నకి ఇంకా ఒళ్ళు మండింది. "పిలవకుండా వచ్చినయ్యా అవి? మీరే తెచ్చి, మీరే పీడంటే ఎట్టా?" అన్నాడు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. కీత్ టోపీ తీసి బుర్ర గోక్కుని, అదీ నిజమేనన్నాడు. ఆ వెంటే, చలి ముదరకముందు రేపు పొద్దున జాడలు చూడ్డానికి పైకి వెళ్తున్నా, రమ్మంటే వస్తాడేమో అడగమన్నాడు. నాన్న వచ్చే మనిషి కాదని తెలిసే అడిగాను.

"తుపాకీ లేకపోతే వస్తా" అన్నాడు, తుపాకీ గురిపెట్టినట్టు చేతులు చూపి అడ్డంగా తలూపుతూ.

వేటకి వెళ్ళేవాణ్ణి తుపాకీ ఇంట్లో పెట్టి రమ్మనడం ఎలాగా అని నేను నీళ్ళు నములుతుంటే, కీత్ సైగల్లోనే గ్రహించినట్టున్నాడు. "నో గన్. ఫెయిర్ ఇనఫ్" అన్నాడు, నాన్న చెయ్యి పట్టుకుని ఊపుతూ.

మర్నాడు కీత్ యూట్ ట్రక్కులో ముందు సీట్లో మంకీ క్యాపుతో, మా ఆయన కోటుతో, చేతికర్రతో నాన్న, వెనక సీట్లో పెరుగన్నం డబ్బా, కాఫీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని నేను. మా ఆయనకి అడవులు పడవు, దుప్పటి తియ్యకుండానే టాటా చెప్పాడు. దారి కొండెక్కేకొద్దీ చెట్లు పొడుగైపోయాయి. వాటి బెరళ్ళు పేలికలుగా ఊడి వేలాడుతున్నాయి. "ఈ చెట్లేందే, ఆకులు రాల్చకుండా చొక్కాలిప్పుకుంటా ఉండాయ్!" అన్నాడు నాన్న. అది కీత్‌కి చెబితే స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు.

బండి ఆపి, ఫెర్న్ మొక్కలు నిండిన ఒక లోయ పక్కగా నడిచాం. మంచు గడ్డి మీద ఇంకా తెల్లగా ఉంది, బూటు కింద కరకరమంటోంది. తడిమట్టిలో గిట్టల ముద్ర కనిపిస్తే కీత్ కర్రతో చూపించి, ఇవాళ పొద్దుటిదన్నాడు. నాన్న గొంతుక్కూర్చున్నాడు. పడకగదిలోంచి వంటింట్లోకి రావాలంటే మోకాళ్ళు పట్టేశాయనే మనిషి, గబుక్కున కూర్చుని బొటనవేలితో ముద్ర అంచు నొక్కి చూశాడు. "నిన్న సాయంత్రానిది. ముద్ర లోపల గూడా మంచు పేరుకొని ఉండాది చూడు. మంచు పడకముందు పోయిందిది" అన్నాడు. కీత్ వంగి చూసి, సన్నగా ఈల వేశాడు. ఇక ఇద్దరికీ పంతం పట్టింది. మధ్యలో నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తూ చచ్చాను. పెంటికలు కనిపిస్తే చాలు, ఇద్దరూ వంగి, పుల్లతో విడదీసి, తల ఎత్తి నావైపు చూసేవాళ్ళు, ఏదో నేనే తీర్పు చెప్పాలన్నట్టు. ఒక రాయి మీద నలుచదరంగా, పేర్చినట్టు ఉన్న లద్దె చూసి నాన్న ఓడిపోయాడు. "ఇదేం జంతువే, ఇటుకలు పెట్టింది?" అన్నాడు. వాంబాట్ అని, బొరియల్లో ఉంటుందని, పొట్టిగా బలిసిన పందిపిల్లంత ఉంటుందని కీత్ చేతులతో చూపించాడు. నాన్న చాలాసేపు ఆ రాయి దగ్గరే నిలబడి, "ఈ దేశానికి అన్నీ ఎదురేనే" అని ఒప్పుకున్నాడు.

ఇంకాస్త దిగువన నీళ్ళు ఊరే చోట బురదగుంట ఉంది. అంచున పొడుగాటి గోధుమరంగు వెంట్రుకలు, పక్కనున్న చెట్టుకి కొమ్ములు రాసి రాసి బెరడు ఊడిన మచ్చ, కారిన బంక. నాన్న చిటికెడు బురద తీసి వాసన చూశాడు. నాకూ చూపించాడు. మగ కణుజు పొర్లిన గుంట కంపు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు, నేను ముక్కు మూసుకున్నాను. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని ఇంకోసారి పీల్చాడు.

"పెళ్ళయిన కొత్తలో ఒకసారి కేసు మీద పోయి, ఇట్టాంటి గుంటలో జారిపడి ఇంటికొచ్చా. మీ అమ్మ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. 'మీరు రేంజరైతే అడవిలో. ఈ కంపుతో నా గడప తొక్కారంటే ఊరుకోను' అని, బావి దగ్గిర నిలబెట్టి బొక్కెన్లతో గుమ్మరించింది. గార్డులంతా చూస్తానే ఉండారు" అన్నాడు.

అమ్మ పోయాక నాన్న ఆమె బతికున్నప్పటి సంగతి ఎత్తడం అదే మొదలు. కీత్‌కి చెప్పనా అని చూశాను. చెప్పమన్నట్టు తలాడించాడు. కీత్ విని, మార్జ్ కూడా అంతేనన్నాడు, ఇల్లాళ్ళందరూ ఒకటేనన్నాడు. ఇద్దరు ముసలాళ్ళూ గుంట పక్కన నిలబడి నవ్వుకున్నారు.

అప్పుడే కింద ఫెర్న్‌ల గుబురులోంచి ఒక్కసారిగా అరుపు వినిపించింది. ఢాంక్! పగిలిన కంచు గిన్నెని కొట్టినట్టు, లోయంతా మారుమోగింది. మళ్ళీ ఢాంక్. ఆ వెంటే కాలు నేలకేసి కొట్టిన చప్పుడు.

నా భుజం పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. చూస్తే నాన్న. నన్ను తన వీపు వెనక్కి నెట్టేసి, చేతికర్ర అడ్డంగా పట్టుకుని, అరుపొచ్చిన వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"నా ఎనక ఉండు. పరిగెత్తొద్దు. పెద్దాయన ఉండాడు" అన్నాడు గుసగుసగా.

నల్లమలలో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అడవిలో ఉండగా నాన్న పులి పేరు ఎత్తేవాడు కాదు, పెద్దాయన అనేవాడు, మమ్మల్నీ అననిచ్చేవాడు కాదు. కోతులు ఊరికే గోల చేస్తాయి, నెమళ్ళు దేనికైనా బెదురుతాయి గానీ, కణుజు కాలు కొట్టి అలా అరిచిందంటే పులిని చూసిందనో, వాసన పట్టిందనో లెక్క. అప్పుడు అడుగు ముందుకి వెయ్యకూడదు. సర్వీసంతా నాన్న ప్రాణాలు ఆ అరుపు మీదే నిలబడ్డాయి. ఆస్ట్రేలియాలో పులి లేదని నాన్నకి తెలియక కాదు. ఆ అరుపు చెవిన పడ్డాక ఆయన ఏ దేశంలో ఉన్నాడో ఆయన ఒంటికి తెలియలేదు.

"సర్," అన్నాడు కీత్‌తో, తన ఆఫీసు ఇంగ్లీషులో. "డోంట్ షో యువర్ బ్యాక్. స్లోలీ. కమ్ స్లోలీ."

ఇక్కడ పులులుండవు నాన్నా అందామని నోరు తెరిచాను. కీత్ నావైపు చూసి, వద్దన్నట్టు చిన్నగా తలూపాడు. కొండల్లో పుట్టి పెరిగినవాడు, ఆ అరుపు వందల సార్లు విన్నవాడు, మనిషి వాసనకి బెదిరిందని తెలిసినవాడు. అలాంటివాడు వచ్చి నాన్న పక్కన నిలబడి, ఆయన ఎలా అడుగేస్తే అలా, మొహం లోయ వైపే పెట్టి, వెనక్కి వెనక్కి నడిచాడు. ముగ్గురం అలాగే చెట్లు పలచబడ్డ మలుపు దాకా వచ్చాం.

అక్కడికొచ్చాక కీత్ చాలా మెత్తగా అన్నాడు. "నో టైగర్స్ హియర్, మేట్. నెవర్ బిన్."

నాన్న కర్ర దించాడు. "దెన్ వై హీ ఈజ్ షౌటింగ్?"

"మనల్ని చూసి" అన్నాడు కీత్.

నాన్న పడిపోయి ఉన్న ఒక మాను మీద కూర్చున్నాడు. కాసేపు అడవి వైపు, కాసేపు మా వైపు చూశాడు. మెల్లగా నవ్వు మొదలైంది, ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా ఆగలేదు.

"చూశావటే తల్లీ! పొద్దున లేస్తే చావుని రమ్మని పిలిచే ముసలోణ్ణి. లేని పులికి ఎట్టా దడుసుకున్నానో చూడు."

"మరి దడుసుకున్నవాడివి నా ముందుకెందుకొచ్చావు?" అన్నాను.

"రాకపోతే ఎట్టా? నువ్వు చిన్నపిల్లవి గదా!" అన్నాడు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు విసుక్కుంటూ.

ఊరందరి బీపీలూ చూసే డాక్టరమ్మని ఆ మాను పక్కన నిలబడి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు సెలవు దొరక్క, టికెట్ దొరక్క, కార్యాలన్నీ అయిపోయాక వెళ్ళి ఏడవలేకపోయిన ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. కీత్ మాకు కాస్త దూరంగా వెళ్ళి, ఏదో చెట్టు బెరడు శ్రద్ధగా పరీక్షిస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పెరుగన్నం డబ్బా తీస్తే నాన్నే మూత తీసి, ముందు కీత్‌కి పెట్టమన్నాడు. నిమ్మకాయ ఊరగాయ నంజుకుని కీత్ మొహం ఎర్రగా చేసుకుని కూడా బాగుందనే అన్నాడు.

మొన్న ప్రార్థన అయ్యాక మళ్ళీ ఆ లోయ దాకా వెళ్ళి చూశాం. తర్వాతెప్పుడో వచ్చిన మంటల్లో ఆ పొడుగు చెట్లు కాలిపోయి తెల్లటి మోడులై నిలబడ్డాయి, కింద కొత్త మొక్కలు మనిషెత్తు లేచాయి. ఇప్పుడు జాడలు చూడ్డానికి ఎవరూ వంగక్కర్లేదట, చెట్లకి కెమెరాలు కట్టి ఫోన్‌లో చూసుకుంటారట. మంచిదే. ఊళ్ళో కొత్త కెఫే వచ్చింది, ఆసుపత్రిలో కేరళ అమ్మాయిలు నర్సులుగా ఉన్నారు, ఒంటరితనం అప్పటంత లేదు. మా పిల్లలకి తాతయ్య కథ చెబితే అర్థం చేసుకుని, "దట్స్ సో స్వీట్, మా" అంటారు. నా అదృష్టం ఏమిటంటే, నాకు ఏ దేశమూ సరిగ్గా తెలియని రోజుల్లో ఆ పక్కింటివాడు దొరికాడు. ఒక రోజు తుపాకీ ఇంట్లో పెట్టి వచ్చాడు, లేని పులిని చూసి మా నాన్న పక్కన నిలబడి వెనకడుగు వేశాడు. నేను ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి వైద్యం చేసినా, ఆ పూట కీత్ చేసినంత ఏ రోగికీ చెయ్యలేదని నమ్ముతాను. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నాడు, కొన్నాళ్ళు ఇక్కడా, కొన్నాళ్ళు కర్నూల్లో మా తమ్ముడి దగ్గరా. వచ్చినప్పుడల్లా ఇద్దరూ తుపాకీ లేకుండా కొండెక్కేవాళ్ళు. నేను లేకుండా ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళో ఇద్దరూ చెప్పలేదు.

ఆ అడవి నుంచి వచ్చిన మర్నాడు సోమవారం. నేను ఆసుపత్రికి హడావిడిగా తయారవుతూ, అడగాలా వద్దా, అడిగితే మళ్ళీ ఆ కుర్చీలోకే వెళ్ళి కూర్చుంటాడేమోనని గింజుకుంటున్నాను. నాన్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చెయ్యి చాచాడు.

"ఆ మాత్రలేవో ఇటియ్యి" అన్నాడు. అందుకోబోతున్న నన్ను మళ్ళీ ఆయనే ఆపాడు. "ఉండుండు. ఖాళీ కడుపున వేసుకోగూడదని ఊరందరికీ చెబుతావు గదా. ముందు తినడానికేమన్నా పెట్టు, డాక్టరమ్మా. ఆకలేస్తా ఉండాది."